కాఫీ కట్టు

ఆ మోచెయ్యి చెడిపోయింది నా చేతుల్లో. చెప్పవలసిన రోజున ఈ మాట చెప్పకుండా ఊరుకున్నాను. ఊరుకోవడంతో ఆగినా బాగుండేది. కొన్నాళ్ళకు నోరు తెరిచి, ఎముకలకు కట్టు కట్టి బతికే ఒక పెద్దాయన మీదికి ఆ తప్పు తోశాను. నేనన్న ఒక్క ముక్క జోకుగా మారి చిత్తూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగింది. జనం కడుపుబ్బ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుల్లో ఆయన మంచిపేరు కొట్టుకుపోయింది. దాన్ని ఆయనకు తిరిగి అప్పగించడానికే ఇది రాస్తున్నాను. చదువుతుంటే అక్కడక్కడా మీకూ నవ్వు రావచ్చు. ఆపుకోనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెబితే రాక మానదు.

డెబ్బైల నడుమ నేను చిత్తూరులో ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. అప్పట్లో ఊళ్ళో ఆ మాట ఎవరికీ నోరు తిరిగేది కాదు, ఆ పనేమిటో తెలిసేదీ కాదు. ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రం చదివి, సరిహద్దు దాటి తమిళనాడులో ఒక ఆసుపత్రిలో శిక్షణకు వెళ్ళాను. డాక్టరీ చదివేవాళ్ళ వెనకాల నిలబడి శవాన్ని కోయడం చూశాం. ఏ కండ ఏ ఎముకను పట్టుకుని ఉంటుందో, ఏ నరం ఏ వేలిని ఆడిస్తుందో కంఠతా పట్టాం. తర్వాత వార్డుల్లో పని. పోలియో వచ్చిన పిల్లలకు ఇనుప పట్టీల బూట్లు తొడిగి నడిపించడం, పక్షవాతం వచ్చినవాళ్ళకు మంచం మీద పక్కకు తిరగడం దగ్గర్నుంచి మళ్ళీ నేర్పడం. పరీక్షలు గట్టెక్కి, సర్టిఫికెట్టు చేతపట్టుకుని ఇంటికొచ్చాను.

మా నాయనకు బజారువీధిలో కిరాణా అంగడి ఉండేది. సర్టిఫికెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే డాక్టరువా?"

"కాదు నాయనా."

"కాంపౌండరువా?"

"అదీ కాదు."

"మరి యేందిరా నువ్వు?"

"బిగుసుకుపోయిన కాళ్ళూ చేతులూ మళ్ళీ ఆడేట్టు చేసే పని నాయనా."

"ఓహో, పిసికే పనా!" అన్నాడు, బేరాలకొచ్చిన వాళ్ళందరికీ వినబడేట్టు. "దానికి అరవదేశం పోవాల్నంట్రా? మీ అవ్వ కాళ్ళు పిసికుంటే ఇంట్లోనే నేర్చుకుందువు గదా!"

ఆసుపత్రిలో నా గది ముందు 'ఫిజియోథెరపీ' అని రాయమని పెయింటరుకు కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని చదివి, నేను రాసింది తప్పనుకున్నాడు. నా పరువు కాపాడాలని చెప్పి తనే దిద్ది, గోడ మీద పెద్ద ఎర్రక్షరాలతో 'ఫీజు థెరపీ' అని రాసి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి నా గది ముందు వరస కట్టి జనం. ఆసుపత్రి మొత్తానికి ఫీజు కట్టేది అక్కడే అనుకున్నారు. కడుపునొప్పివాళ్ళు, కళ్ళకలకవాళ్ళు, కుక్క కరిచినవాళ్ళు అందరూ ఉన్నారు. ఇక్కడ ఫీజు కట్టక్కర్లేదు అని నేను చెబితే, ఆ రోజు వైద్యం ఊరికే చేస్తున్నారని ఊళ్ళో పుకారు లేచింది. గోడ మీది ఆ రాత తుడిపించడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా నాకు 'ఫీజు సారు' అనే పేరు స్థిరపడిపోయింది.

మొదట్లో అందరికీ నా దగ్గర కావలసింది ఒక్కటే, కరెంటు. గదిలో కాపడం పెట్టే ఎర్ర దీపం ఒకటి, చిన్న కరెంటు పెట్టె ఒకటి ఉండేవి. "రొంత గట్టిగా పెట్టు సామీ కరెంటు, దూరం నుంచొచ్చినాం" అని బతిమాలేవాళ్ళు. కరెంటు పోతే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఈ పనిలో అసలు మందు రోగి తనంతట తను చేసే కదలికేనని, దీపం దానికి ముందు పలకరింపు లాంటిదని ఎంత చెప్పినా వినరు. డాక్టరు చీటీ రాసి పంపుతాడు. నేను కీలు ఎంతవరకు వంగుతోందో కొలుస్తాను, ఎక్కడ నొప్పి పుడుతుందో చూస్తాను, ఏ కదలిక చెయ్యాలో నేర్పుతాను, ఇంట్లో చేస్తున్నారో లేదో అడుగుతాను. చేశామని అబద్ధం చెబితే కీలే పట్టిస్తుంది. పని సగం చేతులతో, సగం నోటితో. ఎప్పుడు చెయ్యి వెయ్యాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు వెయ్యకూడదో తెలియడమూ అంత ముఖ్యం.

వెయ్యకూడని చోట్లలో మొదటిది మోచెయ్యి. మాకు నేర్పిన మేడమ్ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో. "మోచెయ్యి అలిగిన కొత్త అల్లుడు. దానంతట అది లేచి వచ్చేదాకా ఆగాలి. రెక్క పట్టి లాగావో, ఇంక జన్మలో రాదు." దెబ్బ తగిలిన మోచేతిని ఎవరైనా బలవంతంగా వంచినా, సాగదీసినా, గట్టిగా తోమినా, చుట్టూ ఉన్న కండలో రక్తం కమిలి అక్కడ కొత్త ఎముక పుడుతుంది. అది కీలుకు అడ్డంపడి బిగించేస్తుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు మంచి మార్కులు వచ్చాయి.

ఆ రోజుల్లోనే ఐరాల దగ్గరి పల్లె నుంచి ఒకతను వచ్చాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. పగలు బెల్లం గానుగ దగ్గర పని, ఎండాకాలం వచ్చిందంటే వీధినాటకంలో వేషం. మా జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర జరిగే భారతంలో అర్జునుడు అతనే. భారతమంటే హరికథలు, నాటకాలతో చాలా రోజుల పండగ. అందులో అర్జున తపస్సు రోజున మధ్యాహ్నపు ఎండలో జనం విరగబడతారు. తాటిచెట్టంత పొడవు మానును నున్నగా చెక్కి నిలబెడతారు. అర్జునుడు ఆగి ఆగి పద్యాలు పాడుతూ దాని కొసకంటా ఎక్కి, పైనుంచి విభూది, నిమ్మపండ్లు విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు కింద కాచుకుని ఉంటారు. తన నిమ్మపండుతో పుట్టిన పిల్లలు తాలూకా అంతా ఉన్నారని అతని గొప్ప. "మాటలు జాగ్రత్తన్నా, యెవురైనా వింటే ఇంకో రకంగా అనుకుంటారు" అన్నాను మొదటిరోజే. ఇద్దరం స్నేహితులమైపోయాం.

అతని కుడి మోచెయ్యి విరిగింది. తపస్సుమాను మీంచి పడి కాదు, సైకిలు మీంచి. నా రిజిస్టరులో ఆ మాట రాయవద్దని నన్ను పట్టుకున్నాడు.

"అర్జునుడు సైకిలు మీంచి పడినాడంటే తలెత్తుకోలేను సార్. ఎద్దు పొడిచిందని రాయండి."

"ఎద్దు పొడిస్తే మోచెయ్యి ఒక్కటే విరుగుతుందా అన్నా?"

"అయితే గుర్రమని రాయండి. రథం గుర్రం."

పాకాల పోయే దారిలో రోడ్డు పక్కన కట్టు కట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అర్జునుడి చేతికి కట్టు కట్టింది ఆయనే. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు, పాత పంచె గుడ్డ. నోటికి మాత్రం ఏ కట్టూ ఉండేది కాదు. రైలు కింద పడిన కాలును అతికించానని ఒకసారి, ఏనుగు దంతాన్ని అతికించానని ఒకసారి చెప్పేవాడట. అందులో నిజమెంతో నాకు తెలియదు గానీ, ఈ చేతిని మాత్రం బాగా అతికించాడు. మా ఆసుపత్రిలో తీసిన మొదటి ఎక్స్‌రేలో ఎముక వంకర లేకుండా చక్కగా కూడుకుని ఉంది. నేను దాన్ని వెలుతురుకు పెట్టి నా రెండు కళ్ళతో చూశాను. కట్టు విప్పాక మిగిలింది మామూలు బిగుసుకుపోవడమే. ఎముకల డాక్టరు చీటీలో ఒకే వాక్యం రాశాడు. అతనే కదపాలి, ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

కొన్ని వారాలు చక్కగా సాగింది. ఎర్ర దీపం కింద చెయ్యి పెట్టి, పద్యం అందుకుని, ఒక్కో రాగం లాగినప్పుడల్లా మోచెయ్యి కాస్త సాచేవాడు. పక్క గదుల రోగులు వచ్చి గుమ్మంలో నిలబడి వినేవాళ్ళు. కీలు మెల్లగా తెరుచుకుంటోంది. కాని చాలా మెల్లగా. పండగ మాత్రం దగ్గరికి వచ్చేస్తోంది.

"సార్, ఊర్లో ఇంకొకణ్ణి సూస్తా ఉండారు. మీసాలు గూడా సరిగ్గా రాల్యా వానికి. వాడు అర్జునుడంట!"

"ఆగన్నా. వస్తుంది."

"మాను పట్టుకోవాలంటే సెయ్యి నిక్కించాల గదా. కొంచెం మీరే సాయం పట్టండి సార్. మొగోళ్ళు గదా మీరు."

ఆ 'మొగోళ్ళు గదా' అన్న మాట నన్ను పట్టుకుంది. అతని తొందర కంటే నా గొప్ప నన్ను ఎక్కువ తరిమింది. నా చేతి చలవతో అర్జునుడు మానెక్కితే, ఇంక చిత్తూరులో నన్ను పిసికేవాడని ఎవరంటారు? ఆ రోజు గుమ్మంలో ఎవరూ లేరు. అతని మోచెయ్యి కింద నా అరచెయ్యి పెట్టి, మణికట్టు పట్టుకుని, శరీరం బరువంతా వేసి కిందికి నొక్కాను. లోపల ఏదో చిరిగినట్టు కిర్రుమంది. అతను కేక పెట్టాడు. తర్వాత చూస్తే చెయ్యి ముందటిరోజు కంటే బాగా చాచుకుంది. ఇద్దరం చంకలు గుద్దుకున్నాం. బజారులో బోండాలు తిన్నాం. అతను దారంతా పద్యం పాడుతూ బస్సెక్కాడు.

మర్నాటికి మోచెయ్యి కాలుతోంది. ఉబ్బింది, ముట్టుకోనివ్వలేదు. ఆ వాపు తగ్గేసరికి కీలు ఎప్పటికంటే బిగుసుకుంది. మళ్ళీ తీసిన ఎక్స్‌రేలో కీలు ముందు తెల్లటి మబ్బుతునక లాంటిది కనిపించింది. మేడమ్ చెప్పిన కొత్త ఎముక.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎవరో లాగారే!" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. తెరవబోయానని అనుకుంటాను. అంతలో ఆయనే, "కట్టాయన తోమి ఉంటాడులే. వీళ్ళింతే" అని చీటీ మీద సంతకం పెట్టేశాడు. నేను తల ఆడించాను. నిలువుగానో అడ్డంగానో ఆయన చూడలేదు.

అర్జునుడికి జవాబు చెప్పవలసింది నేను. "ఏమైంది సార్, బాగానే వస్తా ఉండె గదా?" అని అడిగినప్పుడు, అతని మొహం చూడకుండా, "మొదట్లో కట్టు సరిగా పడలేదన్నా" అన్నాను. అతను మారుమాట లేకుండా నమ్మేశాడు. పైగా, "మీరు ఆ పొద్దు నొక్కబట్టి ఇంతైనా మిగిలింది" అని నా చేతులు పట్టుకున్నాడు. అతని దృష్టిలో నేను చేసిన ఘోరమే నేను చేసిన వైద్యం.

ఆ యేడు మీసాలు సరిగా రాని అబ్బాయి అర్జునుడయ్యాడు. మా అర్జునుడు దిగులుతో మూల కూర్చుంటాడని నేను భయపడ్డాను. అతను కూర్చునే రకం కాదు. హాస్యగాడి వేషం అడిగి పుచ్చుకున్నాడు. చెయ్యి మడత దగ్గర నిలిచిపోయింది కదా, ఎప్పుడూ కాఫీ లోటా పట్టుకున్నట్టే ఉంటుంది. మెడ కాస్త ముందుకు చాస్తే లోటా నోటికందుతుంది కూడా. దాని మీదే ఒక ముక్క కట్టాడు. తపస్సు రోజు నన్ను పిలిపించి ముందువరసలో కుర్చీ వేయించాడు. కొత్త అర్జునుడు మానెక్కుతూ మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా కింద హాస్యగాడు జనాన్ని పట్టుకోవాలి. అతను హార్మోనియం ఆయన్ని కదిలించాడు.

"ఏమప్పా హార్మోనీ, నేను గూడా ఎక్కేదా మాను?"

"ఎక్కరా, వొద్దన్నదెవురు?"

"యెట్ల ఎక్కేది? నాది కాఫీ కట్టు గదా!"

"కాఫీ కట్టంటే యేందిరా?"

"కట్టు కట్టే పెద్దాయప్ప అడిగినాడు. నాయనా, ఈ సెయ్యి నీకు దేనికి కావాల అని. ఆ పొద్దు నేను కాఫీ తాగల్యా. కాఫీకి సామీ అంటిని. కాఫీకి సరిపోయేట్టు బిగించి పంపించినాడు!"

మెడ చాచి లేని కాఫీని జుర్రున పీల్చాడు. జనం పడీ పడీ నవ్వారు. మాను మీద అర్జునుడు కూడా నవ్వి పద్యం మరిచిపోయాడు. ఆ తర్వాత హాస్యగాడు నన్ను చూపించి, "ఈ ఫీజు సారు లేకుంటే కాఫీ గూడా దక్కేది కాదప్పో!" అన్నాడు. నన్ను లేపి మెడలో చామంతి దండ వేశారు. ఆ దండతోనే బస్సెక్కి ఇంటికి పోయాను. మా నాయన దాన్ని అంగట్లో తగిలించి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ, "మావోడు ఎముకల్లో పని సేస్తాడు" అని చెప్పాడు. పిసికే పని అన్నది ఆ రోజుతో సరి. ఇంక నేనెలా నోరు తెరుస్తాను?

ఆ ముక్క అంత బాగా పేలింది కాబట్టి అక్కడితో ఆగలేదు. ఆ నాటకం ఏ పల్లెకు పోతే ఆ పల్లెకు అదీ పోయింది. వేరే మేళాలవాళ్ళు కూడా ఎత్తుకున్నారు. పాకాల రోడ్డులో బస్సు ఆ పెద్దాయన ఇంటి ముందు ఆగితే కండక్టరు, "కాఫీ కట్టు, కాఫీ కట్టు దిగాల!" అని అరిచేవాడట. బళ్ళోకి పోయే పిల్లలు గుమ్మం ముందు ఆగి మెడలు చాచి జుర్రుమనేవాళ్ళట. చెయ్యి విరిగినవాళ్ళు ఆ ఇల్లు దాటి వచ్చి మా ఆసుపత్రి మెట్లెక్కడం మొదలుపెట్టారు.

ఒకరోజు ఆయనే వచ్చాడు. ఎత్తయిన మనిషి, తలపాగా, గంట మోగినట్టు గొంతు. నా గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమబ్బా, ఫీజు సారంటే నువ్వేనా?"

"నేనే పెద్దాయనా. కూర్చో."

"కూసునేదానికి రాల్యా. నా కట్టులో యాడ ఉండాది తప్పు? సూపించు. పొటువు తీసినారంట గదా ఎముకను. ఆ పొటువు తెచ్చి సూపించు. నా తప్పయితే నీ ముందరే ఆ దబ్బలు ఇరిచి పొయ్యిలో పెడతా."

మొదటి ఎక్స్‌రే నా వెనక బీరువాలోనే ఉంది. చక్కగా కూడుకున్న ఎముక. లేచి రెండడుగులు వేస్తే చాలు. నేను లేవలేదు.

"అవి పెద్ద డాక్టరు చెప్పాల్సినవి పెద్దాయనా. నాకు చెప్పే అధికారం లేదు."

"నీకు సెప్పే అధికారం ల్యా. మరి ఆ నాటకపోనికి సెప్పిందెవురు?"

నేను కరెంటు పెట్టె మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాను. ఆయన, "రైలు కింద పడిన కాలును నిలబెట్టిన సెయ్యబ్బా ఇది" అని తన అరచెయ్యిని నాకూ, వరసలో ఉన్నవాళ్ళకూ చూపించాడు. వరసలో ఎవడో మెడ చాచి జుర్రుమన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చెయ్యి దించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నాకు తిరుపతిలో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. అక్కడి రోగులే వేరు. కొండ నడిచి ఎక్కి, అదే ఊపులో నడిచి దిగి, పిక్కలు రాళ్ళయిపోయి వచ్చేవాళ్ళు. దిగేటప్పుడు బస్సులో దిగండి అని చెబితే ఒకావిడ, "ఎక్కేటప్పుడు సామి మోస్తాడు నాయనా, దిగేటప్పుడు ఆయనకు మాత్రం తీరికుండొద్దా" అంది. పెళ్ళి, పిల్లలు, జీతం, తెల్లకోటు. నన్ను ఫీజు సారని పిలిచేవాళ్ళు లేరు. కట్టాయన సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, ఆ జోకు ఈపాటికి పాతబడి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఎనభైల చివర్లో నర్సింగు చదివే పిల్లలకు పాఠాలు చెప్పే పని నాకప్పగించారు. మోచెయ్యి పాఠం వచ్చింది. అలిగిన అల్లుడి సంగతి చెప్పాను. పిల్లలు నవ్వారు. ఒకమ్మాయి లేచి, "మా పక్క ఒకాయన ఉండాడు సార్, కాఫీ కట్టాయన. మోచేతులన్నీ ఆయనే చెడగొడతాడు. మోచెయ్యి అట్ల బిగుసుకుంటే మా ఊర్లో కాఫీ కట్టు జబ్బంటారు. దాని ఇంగ్లీషు పేరు ఇదేనా సార్?" అని అడిగింది.

ఆ పిల్ల జోకు వెయ్యడం లేదు. ఆ నాటకం ఆడిన రోజుల్లో తను చిన్నపిల్ల. ఎక్కడ పుట్టిందో తెలియని ఆ మాటను జబ్బు పేరుగా నేర్చుకుని, నోటుపుస్తకంలో రాసుకోవడానికి పెన్ను పట్టుకుని నిలబడింది. జోకు పాతబడలేదు, నిజమైపోయింది. "ఆ పేరు రాసుకోవద్దమ్మా. అది తప్పు" అన్నాను. ఎందుకు తప్పో చెప్పకుండా తర్వాతి పాఠంలోకి పోయాను.

ఆ ఆదివారమే ఐరాల బస్సెక్కాను. ఒకప్పటి అర్జునుడు, ఆ నాటకం ఆయన, గానుగ దగ్గర ఉడుకుతున్న బెల్లం పక్కన కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. చెయ్యి అట్లాగే ఉంది. నన్ను చూసి, ఆకులో వేడి బెల్లం పెట్టి, "ఫీజు సారొచ్చినాడు!" అని నలుగురికీ వినబడేట్టు అరిచాడు. బెల్లం ముట్టుకోకుండా చెప్పేశాను. ఎక్స్‌రే, ఆ రోజు కిర్రుమన్నది, డాక్టరు మాట, నేనన్న మాట, అన్నీ.

అతను గరిటెతో పాకం కలుపుతూ ఉన్నాడు.

"అర్జునుడి వేషం నావల్లే పోయిందన్నా" అన్నాను.

"వేషం పోతే ఇంకొకటి వచ్చె గదా. మానెక్కేవోణ్ణి యెవురు సూస్తారు, అందరూ నన్నే సూసిరి" అన్నాడు. తర్వాత గరిటె పక్కన పడేశాడు. "ఇన్నేండ్లు నా నోటితో ఆ ముసిలాయన్ని తిట్టిచ్చినావే సార్! నవ్వుతాండారు గదా అని నేను పెంచుకుంటా పోతిని. సెయ్యి పోయిందాని కంటే ఇది ముల్లు మాదిరి గుచ్చుకుంటా ఉండాది. లే. పోదాం పా."

"ఎక్కడికి?"

"యాడికంటే? ఆయనింటికే. నువ్వు ఒక్కడివే పోతే మళ్ళా దుమ్ము తుడిసి వస్తావు."

దుమ్ము తుడిచిన సంగతి ఒక్కటే నేను చెప్పలేదు. ఆ రోజు ఆసుపత్రిలో ఏం జరిగిందో ఊరంతటికీ ముందే తెలిసిపోయిందన్నమాట.

పాకాల రోడ్డులో బస్సు దిగాం. ఇంటి ముందు కట్టు కోసం వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఒక మేకపిల్ల కాలికి వెదురు దబ్బలు కడుతున్నాడు. బాగా వంగిపోయాడు. నాటకం ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"ఏమిరా కాఫీ, ఇంకా సల్లారల్యా?"

"ఇంగ ఆ మాట అనొద్దు మామా. తప్పు జరిగిపోయినాది. ఈ సారు సెప్తాడు ఇను."

"ఈయనెవురు?"

నేను అరుగు కింద నిలబడి చెప్పాను. మెల్లగా, ఆయనకు మాత్రమే వినబడేట్టు. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"యేంది? సెవుడు నాయనా నాకు. గట్టిగా సెప్పు."

ఇంకాస్త గట్టిగా చెప్పాను. ఆయన మేకపిల్లను ఒళ్ళోకి లాక్కున్నాడు, అది బెదిరిపోతుందన్నట్టు. పక్కింటి వైపు తిరిగి, "ఓమ్మో, ఇట్లా రాండి! యెవురో డాక్టరు ఏందో సెప్తాండాడు, నాకు ఇనబడ్ల్యా. మీరు ఇని సెప్పండి" అన్నాడు. ఆవిడ చేటతో సహా వచ్చింది. అంగడి దగ్గర బీడీలు కాలుస్తున్న ముగ్గురు నలుగురు లేచి వచ్చారు. బస్సు కోసం నిలబడినవాళ్ళు కూడా ఇటు తిరిగారు. నాటకం ఆయన నా చెవిలో, "ఈయనకు సెవుడు లేదు సార్. మేక అరిస్తేనే తిడతా ఉండె ఇంతకముందు" అన్నాడు. అని నన్ను అరుగు మీదికి తోశాడు.

పెద్దాయన తల వంచుకుని, దబ్బ మీద గుడ్డ ముడి బిగిస్తూ, "ఊ" అన్నాడు.

నేను గొంతెత్తి చెప్పాను.

"ఈ అన్న చెయ్యి చెడగొట్టింది నేను. ఈ పెద్దాయన కట్టు చక్కగా కట్టాడు. ఎముక చక్కగా అతుక్కుంది, నేను చూశాను. వెయ్యకూడని చోట చెయ్యి వేసి పాడుచేసింది నేను, పేరు పెట్టింది ఈయనకు. ఈయన నన్ను అడగడానికి వచ్చినప్పుడు కూడా దాచాను. పెద్దాయనా, నీ పేరు చెడగొట్టినందుకు, నీకు ఎదురుగా అబద్ధం చెప్పినందుకు, నీ ముందూ వీళ్ళందరి ముందూ చెబుతున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."